దర్బార్ ఒక్క రోజు, జాతర ఏడాదంతా

 

నాగోబా జాతర గురించి మాట్లాడమన్నరు. మీలో చాలామంది ఆ జాతరకు చిన్నప్పటి నుంచి పోతున్నవాళ్లే. మీకు తెలియని దేవుని కథ నేను చెప్పేదేం లేదు. కథ చెప్పే హక్కు మన పర్ధాన్ తాతలది, వాళ్ల కిక్రిది. నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ జాతర ఎట్ల నడుస్తది, ఎవరు నడిపిస్తరు, దాంట్లోకి సర్కారు ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది, ఇయ్యాల మన భూమి గొడవకు దానితోటి ఏం సంబంధం? ఇదే నా మాట.

పుష్య అమావాస్య వచ్చిందంటే మన ఫోన్లన్నీ కేస్లాపూర్ ఫోటోలతోటి నిండుతయి. ఎక్కువ ఫోటోలు ఎవరివి? మంత్రిగారికి తలపాగా, కలెక్టర్ గారికి శాలువా, వేదిక మీద కుర్చీలు. కింద "ఘనంగా ప్రజాదర్బార్" అని రాస్తరు. తప్పేం లేదు, వచ్చిన అతిథికి మర్యాద చేయడం మన పద్ధతే. కానీ ఫోటోలో ఉన్నది ఒక్క రోజు. ఫోటోలో లేనిది జాతర వెనక ఉన్న ఏడాది పని. మనం ఆ పనిని చూడడం నేర్చుకోవాలె.

ఆ పని ఎట్ల మొదలవుతదో గుర్తు చేసుకుందాం. అమావాస్యకు చాలా ముందే మెస్రం పెద్దలు కూసుంటరు. ఛకడా బండి కట్టి ఊరూరూ తిరిగి జాతర సంగతి చెప్తరు. సిరికొండకు పోయి కుమ్మరి ఇంట్ల కుండలు చెయ్యమని చెప్తరు. ఆ కుటుంబం తరతరాలుగ నాగోబా కుండలు చేస్తున్నది. తర్వాత ఝరి పట్టుకొని, కాళ్లకు చెప్పులు లేకుంట, జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు నడిచిపోతరు. అక్కడ గోదావరి నీళ్లు తీసుకొని మళ్లీ నడిచే వస్తరు. దారిలో ఏ ఊర్ల ఆగాలె, ఏ చెట్టు కింద పండుకోవాలె, ఏ వాగు దగ్గర అన్నం వండుకోవాలె, అన్నీ ముందే ఖాయం. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్టు కిందికి చేరుతరు. అక్కడి నుంచి గుడి దగ్గరి గోవాడ్‌కు పోతరు.

గోవాడ్ లోపల ఏం జరుగుతదో చూడండి. మెస్రం వంశంలో 22 కితలు ఉన్నయి. 22 పొయ్యిలు ఉంటయి. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా వంట ఆ పొయ్యిల మీదనే, వంతుల ప్రకారం. ఎవరి కిత వాళ్లకు తెలుసు, ఎవరి వంతు వాళ్లకు తెలుసు. ఇంటి ఆడపడుచులు నీళ్లు తెస్తరు, అల్లుళ్లు మట్టి తవ్వుతరు, ఇద్దరూ కలిసి పుట్టలు కడతరు. వేరే ఇంటికి పోయిన బిడ్డకు, వేరే ఇంటి నుంచి వచ్చిన అల్లునికి కూడ పని ఉన్నది, స్థానం ఉన్నది. మహాపూజ అయినంక తెల్లచీరల కొత్త కోడళ్లకు భేటింగ్. అంటే, "ఈమె ఇప్పటి నుంచి మన మనిషి" అని దేవుని ముందట, పెద్దల ముందట చెప్పుడు. ఒకరకంగ అది మన జనాభా లెక్క. పుస్తకం లేదు, కంప్యూటర్ లేదు, అయినా ఎవరు వచ్చిండ్రో, ఎవరు రాలేదో, ఏ ఇంట్ల ఎవరు చేరిండ్రో అందరికీ ఎరికే.

దీన్ని మనం పూజ అంటం. నిజమే, పూజనే. కానీ దీనికి ఇంకో పేరు కూడ ఉన్నది. దీన్ని సంఘం అంటరు. పని పంచుకునే సంఘం, ఖర్చు పంచుకునే సంఘం, మాట మీద నిలబడే సంఘం. కేస్లాపూర్‌లో ఇప్పుడున్న రాతి గుడిని మెస్రం వాళ్లు ఇంటింటి చందాలతోటి కట్టుకున్నరు. 2022 డిసెంబర్‌లో ప్రారంభం చేసుకున్నరు. సంఘం గట్టిగ ఉంటే ఎంత పెద్ద పనైనా అవుతదని చూపించిండ్రు.

ఈ సంఘం ఒక్క గోండులది కాదు. పర్ధానుల వాద్యం లేకుంటే పూజ లేదు. తోటి వాళ్లదీ అదే పాత్ర. కోలాముల సంగతి మీకు తెలుసు, మన చాలా ఊర్లల్ల ఊరి దేవతకు, అడవి దేవతకు పూజ చేసేది కోలాం పూజారే. కుండలు ఇచ్చేది కుమ్మరి. అంటే మన వ్యవసాయ సమాజం ఎప్పుడూ ఒంటి కాలు మీద నిలబడలేదు. ఒకరికొకరు పని ఇచ్చుకొని, మర్యాద ఇచ్చుకొని బతికిన సమాజం ఇది.

వ్యవసాయ సమాజం అని ఎందుకు అంటున్న? జాతర పుష్యంలో ఎందుకు వస్తదో ఆలోచించండి. ఆకాడి నుంచి మన ఏడాది మొదలు. వానల్ల పని, పొలాలకు ఎడ్ల పండుగ, కొత్త పంట వచ్చినంక దేవునికి పెట్టి కొత్తలు తినుడు, దీపావళికి దండారి, గుస్సాడి. ఆ తర్వాత జొన్న కోత, పత్తి ఏరుడు. పుష్యం నాటికి గింజ ఇంటికి వస్తది, ఎడ్లకు కొంచెం తీరిక దొరుకుతది. అప్పుడు బండి కట్టుకొని కుటుంబమంతా జాతరకు పోతరు. అక్కడ ఏం మాట్లాడుకుంటరు? ఈసారి పంట ఎట్లున్నది, ఎవరి దగ్గర మంచి ఎడ్లున్నయి, ఎవరి పిల్లకు ఎవరి పిలగాడు, ఏ ఊర్ల జంగ్లాతోళ్లు కందకం తవ్విండ్రు, ఏ షావుకారి వడ్డీ ఎంత. కేస్లాపూర్ అయినంక శ్యాంపూర్ బుడుందేవ్ దగ్గర మళ్లీ కలుస్తరు. నార్నూర్ దిక్కు ఖాందేవ్, కెరమెరి దిక్కు జంగుబాయి, ఒక్కొక్క వంశానికి, ఒక్కొక్క దిక్కుకు ఒక కూడలి. దినపత్రిక రాకముందు, బస్సు రాకముందు, మన కొండల్ల వార్త తిరిగిన దారులు ఇవే.

ఇప్పుడు దర్బార్ దగ్గరికి వద్దాం.

నిజాం కాలంల మన భూమికి ఏమయిందో మొదలు అర్థం చేసుకోవాలె. మన పెద్దలు ఒక చేను కొన్నేండ్లు దున్ని, దాన్ని బీడు పెట్టి, పక్క చేను దున్నుకునేటోళ్లు. నేలకు విశ్రాంతి ఇచ్చే పద్ధతి అది. చాలామంది శివాయ్ జమాబందీ కింద పన్ను కట్టిండ్రు గానీ, చేతిల పట్టా లేదు. సర్కారు అడవికి హద్దులు గీసినప్పుడు బీడు పెట్టిన చేన్లన్నీ రిజర్వు అడవిల కలిసిపోయినయి. రోడ్లు, రైలు వచ్చినంక మైదానం నుంచి వచ్చినోళ్లు కచేరీకి పోయి మంచి నల్లరేగడి భూములు తమ పేరు మీద రాయించుకున్నరు. దున్నినోడు మనోడు, కాగితం ఇంకోడిది. పశువులు మేపితే పన్ను, కట్టె తెచ్చుకుంటే జుర్మానా.

దాని మీద లేచినోడే కుమ్రం భీం. జోడేఘాట్, బాబేఝరి దిక్కు పన్నెండు ఊర్ల కోసం కొట్లాడిండు. జల్, జంగల్, జమీన్ అన్నడు. 1940లో జోడేఘాట్‌లో ఆయనను, ఆయనతోటి ఉన్నవాళ్లను కాల్చి చంపిండ్రు. ఆ తర్వాతనే నిజాం సర్కారుకు "ఈ గోండులకు ఏం కావాలె?" అనే ప్రశ్న వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిల మన మధ్యనే ఉన్నరు, మన మాట నేర్చుకున్నరు. గోండు పిల్లలకు గోండి మాటల చదువు చెప్పే బడి మార్లవాయిల మొదలయింది. భూమి పట్టాల పని మొదలయింది. కేస్లాపూర్ జాతరల దర్బార్ కూడ ఆ 1940లల్లనే మొదలయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. దర్బార్‌ను హైదరాబాద్‌ల ఎందుకు పెట్టలేదు? ఆసిఫాబాద్ కచేరీల ఎందుకు పెట్టలేదు? ఎందుకంటే మన జనం అక్కడ లేరు. మన జనం అప్పటికే కేస్లాపూర్‌ల కూడి ఉన్నరు. ఎవరు పిలిచిండ్రని కాదు, తమంతట తాము, తమ వంతుల ప్రకారం, తమ ఖర్చుతోటి. కాబట్టి దర్బార్ జాతర దగ్గరికి వచ్చింది గానీ, జాతర దర్బార్ దగ్గరికి పోలేదు. అది కూడ ఊరికే రాలేదు. జోడేఘాట్ రక్తం పారినంకనే వచ్చింది. ఈ రెండు మాటలు మరిస్తే దర్బార్ అంటే సర్కారు మనకు పెట్టిన భిక్ష అనిపిస్తది. ఆ రెండు మాటలు గుర్తుంటే దర్బార్ అంటే మన సంఘబలానికి, మన అమరుని త్యాగానికి సర్కారు ఇచ్చిన జవాబు అని తెలుస్తది.

జవాబు పూర్తిగ వచ్చిందా అంటే రాలేదు. కొన్ని వచ్చినయి. 1359 ఫస్లీ చట్టం, అంటే 1949లది, వచ్చింది. తర్వాత 1959 భూబదలాయింపు నిబంధన వచ్చింది, దాన్ని 1963 డిసెంబర్ నుంచి తెలంగాణ ప్రాంతానికి అమలు చేసిండ్రు. 1970లో దాన్ని గట్టి చేసిండ్రు, మనం 1/70 అనేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంల గిరిజనేతరుని చేతిల ఉన్న భూమి గిరిజనుని దగ్గరి నుంచి వచ్చిందే అని మొదట అనుకోవాలె, కాదని నిరూపించే బాధ్యత అతనిదే అన్నది ఆ చట్టం. కాగితం మీద ఇంతకన్న మంచి మాట ఏముంటది? కానీ కాగితం దానంతట అది నడవది.

దర్బార్ ఏటా జరుగుతనే ఉన్నది. అర్జీలు ఏటా పోతనే ఉన్నయి. అయినా భూములు పోవుడు ఆగలేదు. అందుకే 1981 వచ్చింది. ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకున్నది. అడిగింది ఏంది? దున్నుకునే భూమికి పట్టా, షావుకార్ల దోపిడీకి అడ్డు. సభకు అనుమతి లేదన్నరు. ఊర్ల నుంచి నడిచి వస్తున్న జనం మీద తుపాకులు పేల్చిండ్రు. సర్కారు లెక్కల 13 మంది. హక్కుల సంఘాల లెక్కల దానికి ఎన్నో రెట్లు. 1983లో స్తూపం కట్టుకున్నరు, 1986లో దాన్ని పేల్చేసిండ్రు, 1987లో మళ్లీ కట్టిండ్రు.

కేస్లాపూర్‌కు ఇంద్రవెల్లి ఎంత దూరం? అదే మండలం, పక్కపక్కనే. పుష్యంల సర్కారు వచ్చి కుర్చీల కూసొని "మీ బాధలు చెప్పుకోండి" అన్నది. చైత్రంల అదే జనం తమ సభ తాము పెట్టుకొని అవే బాధలు చెప్పబోతే తుపాకి పేలింది. సర్కారు పిలిచినప్పుడు చెప్పుకునేది అర్జీ. మనం కూడి అడిగేది హక్కు. అర్జీకి శాలువాలు కప్పుకున్నోళ్లే హక్కు దగ్గరికి వచ్చేసరికి భయపడ్డరు. చరిత్ర మనకు చెప్పిన అసలు పాఠం ఇది.

ఆ పాఠం వృథా పోలేదు. దేశమంతటి ఆదివాసీల కొట్లాట వల్ల 1996లో పీసా చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినయి. ఈ రెండు చట్టాల గుండెకాయ గ్రామసభ. దరఖాస్తు తీసుకునేది, పరిశీలించేది, తీర్మానం చేసేది మొదలు గ్రామసభే. గ్రామసభ అంటే కొత్తదేం కాదు, మన గోవాడే అనుకోండి. ఎవరి కిత వాళ్లు కూసుంటరు, అందరి ముందట మాట తేలుతది. రాయి సెంటర్ల సార్‌మేడీలు ఇప్పటికీ తగాదాలు అట్లనే తెంపుతున్నరు కద! చట్టం మన పద్ధతికి దగ్గరికి వచ్చింది. మనమే మన పద్ధతిని ఆ చట్టం దగ్గరికి తీసుకపోవడంల వెనకబడ్డం.

2023 జూన్‌లో ఆసిఫాబాద్ నుంచి పోడు పట్టాల పంపిణీ మొదలయింది. రాష్ట్రమంతా లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకు పైగ ఇచ్చినమన్నరు. వచ్చినోళ్లకు సంతోషం. కానీ మీ ఊర్ల ఎవరికి రాలేదో ఒక్కసారి రాసుకోండి. వచ్చినోళ్లకు కూడ దున్నేదాంట్ల ఎంత రాసిండ్రో కొలిచి చూడండి. ఇంకో మాట. వచ్చినయన్నీ దాదాపు వ్యక్తుల పట్టాలే. ఊరుమ్మడి అడవి మీద గ్రామసభకు హక్కు సంగతి ఏంది? మేత బీళ్లు, ఇప్పచెట్లు, వెదురు, చెరువు, దేవుని స్థలం, శ్మశానం? కోలాం, తోటి వాళ్లకు చట్టంలనే ప్రత్యేకంగ ఉన్న ఆవాస హక్కు సంగతి ఏంది? వాటి గురించి అడిగేటోళ్లు తక్కువ.

ఇక్కడ మళ్లీ గంగాజలం దారి గుర్తుకు తెచ్చుకోండి. కేస్లాపూర్ నుంచి హస్తినమడుగు దాక ఆగే చోట్లు, మొక్కే చెట్లు, నీళ్లు తాగే వాగులు. ఆ జన్నారం అడవులు 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యంల ఉన్నయి. రేపు ఎవరన్న ఇక్కడ నడవొద్దు, ఇక్కడ పొయ్యి పెట్టొద్దు అంటే మన దగ్గర ఏమున్నది చూపించడానికి? నోటి మాట ఉన్నది. చట్టం ప్రకారం నోటి మాటకు విలువ ఉన్నది, పెద్దమనుషుల వాంగ్మూలాన్ని రాసి పెడితే అది సాక్ష్యం. దేవుని స్థలాలు, పాత ఊరి ఆనవాళ్లు, సమాధులు, బావులు కూడ సాక్ష్యమే. కానీ రాయాలె. తాత చెప్పినప్పుడే రాయాలె. తాత పోయినంక రాయలేం.

మరి మనం ఏం చేయాలె? నేను చెప్పేది పెద్ద పోరాట ప్రణాళిక కాదు. జాతర ఎట్ల నడుస్తదో అట్ల పని చేయండి, అంతే.

ఒక్కొక్క ఊర్ల ఒక్కొక్క వాడకు వంతు పెట్టుకోండి. అటవీ హక్కుల కమిటీ ఉన్నదా లేదా చూడండి. పది నుంచి పదిహేను మంది ఉండాలె, మూడింట రెండు వంతులు ఎస్టీలు, మూడింట ఒక వంతు ఆడవాళ్లు ఉండాలె. చాలా ఊర్లల్ల ఆ కమిటీ కాగితం మీదనే ఉంటది, దాంట్ల పేరున్నోళ్లకే తెల్వది. గ్రామసభకు సగం మంది రావాలె, వచ్చినోళ్లల్ల మూడో వంతు ఆడవాళ్లుండాలె. లేకుంటే ఆ తీర్మానం నిలబడది.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇయ్యమనండి. ఇయ్యడం వాళ్ల పని. అది అందిన 60 రోజుల్లోపల పైకమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. "మీది రాలేదు" అని నోటితోటి చెప్తే ఇంటికి వచ్చేయకండి. విచారణ పూర్తి కానంతవరకు దున్నుకునేటోళ్లను వెళ్లగొట్టొద్దని కూడ ఆ చట్టంలనే ఉన్నది. కందకం తవ్వడానికి ట్రాక్టర్ వచ్చిన రోజు ఈ మాట గుర్తుండాలె.

దర్బార్‌కు పోవద్దా అని కొందరు తమ్ముళ్లు అడుగుతరు. పోదాం. మన అమరుని వల్ల వచ్చిన దర్బార్‌ను మనమెందుకు వదులుకోవాలె? కానీ ఒంటరిగ, ఒక్కొక్కరం ఒక్కొక్క అర్జీ పట్టుకొని, దండం పెట్టుకుంట పోవద్దు. గ్రామసభ తీర్మానం పట్టుకొని పోదాం. ఇచ్చిన కాగితానికి తేదీ, సంతకం ఉన్న రసీదు తీసుకుందాం. నెల దాటినంక జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద "మా కాగితం ఎక్కడున్నది?" అని అడుగుదాం. మరుసటి ఏడు దర్బార్‌ల ముందుగ పాత కాగితాల లెక్క చదువుదాం: పోయిన ఏడు ఇన్ని ఇచ్చినం, ఇన్ని అయినయి, ఇన్ని కాలేదు. అప్పుడు ఆ వేదిక మీద కూసున్నోళ్లు శాలువా కప్పించుకొని పోవడం అంత అల్కగ ఉండది.

జాతర దేవుని పని, దాంట్ల రాజకీయం వద్దు అని కొందరు పెద్దలు అంటరు. పెద్దల మాట గౌరవించాలె. గుడి లోపల, పూజ దగ్గర మన నినాదాలకు పని లేదు, కటోడా చెప్పిందే చెల్లాలె. కానీ నాగోబా మట్టి పుట్టల ఉండే దేవుడు. ఆ మట్టి పోతే పుట్ట ఎక్కడ కడతరు అని కూడ పెద్దలనే మర్యాదగ అడగొచ్చు.

ఇంకొక మాట, మన అన్నదమ్ములకు. పుట్ట కట్టేది ఆడబిడ్డ, నీళ్లు తెచ్చేది ఆడబిడ్డ, 22 పొయ్యిల మీద వండేది ఆడవాళ్లు. మరి పట్టా మీద పేరెవరిది? అటవీ హక్కు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలని చట్టం చెప్తున్నది. మీ ఇంటి పట్టా తీసి చూడండి. లేకుంటే సరిచేయించండి. సర్కారును నిలదీసే ముందు మన ఇంట్ల ఈ పని అయిపోవాలె.

కూడి నిలబడితే ఏమవుతదో మీ కండ్ల ముందటనే చూసిండ్రు. 2025 మేలో కుమ్రం భీం పేరు మీదనే కన్జర్వేషన్ రిజర్వ్ అని జీవో 49 వచ్చింది. ఊర్లకు ఊర్లు కదిలినయి, బందు చేసినయి. జులైలో సర్కారు దాన్ని నిలిపివేసింది. నిలిపివేసింది, రద్దు చేయలేదు అన్న సంగతి గుర్తుంచుకోండి. ఆ ఊర్లల్ల గ్రామసభ తీర్మానాలు, ఉమ్మడి హక్కుల దరఖాస్తులు తయారుగ ఉంటేనే రేపు మళ్లీ వచ్చినప్పుడు నిలబడగలుగుతం.

వచ్చే పుష్యానికి ఇంకా టైం ఉన్నది. ఈ లోపల ఒక్కొక్కరు ఒక్క పని చేయండి. మీ ఊర్ల అందరికన్న పెద్దమనిషి దగ్గర కూసోండి. ఊరి హద్దులు, వాగుల పేర్లు, పాత చేన్ల పేర్లు, దేవుని చోట్లు అడగండి. గోండిల చెప్తే గోండిల రాయండి, కోలామిల చెప్తే కోలామిల రాయండి. కింద ఆయన వేలిముద్ర, సాక్షుల సంతకాలు, తేదీ పెట్టండి. గ్రామసభల చదివి వినిపించండి. ఒక కాపీ ఊర్ల, ఒక కాపీ రాయి సెంటర్ల పెట్టండి. అది పట్టుకొని కేస్లాపూర్‌కు రండి.

జై సేవా. కుమ్రం భీంకు జోహార్. ఇంద్రవెల్లి అమరులకు జోహార్.